మిర్చి యార్డులో నేను పోయించిన రెండు బస్తాలు

"కంఫర్ట్ జోన్ దాటితేనే మనిషి ఎదుగుతాడంటారు కదా, మీరు ఎప్పుడైనా దాటారా? దాటాక మీలో ఏం మారింది?" అని అడిగారు.

దాటాను. కానీ నా అంతట నేను దాటలేదు, పరిస్థితి మెడపట్టి గెంటింది. ఏం మారిందంటే, మిరపకాయల బేరం వచ్చింది. అంతకుమించి ఏమీ మారలేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర రద్దీగా ఉంటే ఇప్పటికీ స్కూటీ దిగి తోసుకుంటూనే దాటుతాను.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదహారేళ్ల సర్వీసు. యాభై మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెడతాను. గేటు దాటితే మాత్రం నోరు పెగలదు. బండి మీద బెండకాయ కిలో అరవై అంటే అరవై చేతిలో పెట్టి వచ్చేస్తాను. ఇంటికొచ్చాక మా అత్తమ్మ ఎంతకు తెచ్చావని అడిగితే పది తగ్గించి చెప్పేదాన్ని. అలా నెలకెంత అబద్ధం ఆడానో లెక్కేస్తే నాకే సిగ్గేస్తుంది.

2022 ఫిబ్రవరి, మేడారం జాతరకు ముందు వారం. నర్సంపేట వైపు ఊళ్లో మా బాపుకి రెండెకరాల మిర్చి ఉంది, తేజ రకం. ఆ సీజన్లో మిర్చి వేసిన వాళ్లెవరూ మర్చిపోరు. నల్ల తామర పురుగు పూతలో చేరి పూతంతా రాల్చింది. మందు కొట్టి కొట్టి చేతులెత్తేసి తోటలు పీకేసిన వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. బాపు పీకలేదు. మిగిలిన కాయ ఏరించి కల్లంలో ఆరబోశాడు. ఒక రాత్రి మబ్బు పట్టిందని టార్పాలిన్ కప్పడానికి లేచి, చీకట్లో కాలు జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. వాన మాత్రం పడలేదు.

తమ్ముడు పుణెలో ఉంటాడు, లీవు దొరకలేదు. మా ఆయన కాజీపేటలో రైల్వే, జాతర స్పెషల్ రైళ్ల డ్యూటీ. ఊళ్లో ఎవరికన్నా అప్పగిద్దామంటే ఎవరి కాయ వాళ్లకే బరువు. పైగా సీజన్ మొదట్లో విత్తనానికి, మందులకు కమీషన్ మీద మా సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు సేటు దగ్గర తెచ్చిన అప్పు ఉంది, వడ్డీ నడుస్తోంది. కాబట్టి ఇరవై రెండు బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కు నేనే పోవాలి. బాపు మంచంలోంచే చెప్పాడు:

"నువ్వేం మాట్లాడకు బిడ్డా. అంతా సేటు చూసుకుంటడు. కాంటా అయినంక తక్‌పట్టీ తీసుకొని రా, అంతే."

తక్‌పట్టీ అంటే తూకం, రేటు రాసిచ్చే చీటీ. ట్రాలీ ఆటో డ్రైవర్‌తో మాత్రం పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. నేను పట్టించుకోలేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. యార్డు ఇంకా కనబడకముందే ఘాటు తగిలింది. అప్పటికి కరోనా మాస్కుల మీద నాకు విసుగు పుట్టి ఉంది, ఆ రోజు మాత్రం రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాను. అయినా తుమ్ములు ఆగలేదు. లోపల హమాలీలు ఏ మాస్కూ లేకుండా, తలకో తువ్వాల చుట్టుకుని, కొక్కెంతో బస్తా లాగి వీపు మీద వేసుకుని పరుగులాంటి నడకతో పోతున్నారు. కంటికి ఆనినంత మేర ఎర్రటి బస్తాలే. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, లోపల నిలబడితే నమ్మబుద్ధవుతుంది. అక్కడ చీర కట్టుకున్న వాళ్లు లేరని కాదు, చాలామంది ఉన్నారు. అందరూ చాటలు పట్టుకుని కింద రాలిన కాయ ఎత్తేవాళ్లు. హ్యాండ్‌బ్యాగ్ వేసుకుని ఎటు నిలబడాలో తెలియనిది నేనొక్కదాన్నే.

నాకు భయమేసింది ఎవరో ఏదో అంటారని కాదు. ఎవరేం మాట్లాడుతున్నారో అర్థంకాక. అడ్తిదారు అంటే తెలుసు. సరుకు కొనే ఖరీదుదారు వేరే మనిషని అప్పటిదాకా తెలియదు. దడ్వాయి అంటే ఏదో దండుగ వసూలు చేసేవాడనుకున్నాను, తూకం వేసే ఆయన. రైతు కూతుర్ని, మిరప మడిలో ఆడి పెరిగినదాన్ని. కానీ పంట కల్లం దాటాక ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆడపిల్లను బళ్లోకి పంపారు, మార్కెట్లోకి పంపలేదు. ఇదొక పెద్ద ఫిర్యాదు, ఇంకోసారి రాస్తాను.

జెండా పాట అయింది. తెలియని వాళ్లకు ఒక ముక్క: ఆ రోజు వచ్చిన సరుకులో మంచి రాశికి అందరి ముందు పాడిన పై రేటది. మిగతా వాళ్లు దానికెంత దగ్గరగా అమ్ముకుంటే అంత గొప్ప. పాట వినగానే నేను మనసులో ఇరవై రెండు బస్తాలను, బస్తాకు నలభై కిలోల చొప్పున ఆ రేటుతో గుణించేసి అప్పు తీర్చేశాను కూడా.

ఖరీదుదారు మా బస్తాల దగ్గరకు వచ్చాడు. వెనక సేటు, సేటు వెనక చిట్టీల పుస్తకంతో గుమాస్తా. ఒక బస్తాకు కుట్టు కోసి, చెయ్యి మోచేతి దాకా దించి, గుప్పెడు కాయ తీశాడు. ఒకటి విరిచి గింజ చూశాడు. మిగతావి నేల మీద పారేశాడు. మొత్తం ఎంతసేపు? నేను హాజరు పట్టీలో రెండు పేర్లు పిలిచేంతసేపు. "తాలు కలిసింది" అని, జెండా పాటకు మూడు వేలు తక్కువ చెప్పాడు. క్వింటాలుకు మూడు వేలు! సేటు "రాయ్" అన్నాడు గుమాస్తాతో.

తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఆయన పారేసిన కాయలు నా చెప్పుల దగ్గరే పడ్డాయి. వంగి చూశాను. ఏడు కాయలు. ఏడూ ఎర్రగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకటి చెవి దగ్గర ఊపాను, గింజలు గలగలమన్నాయి. ఎండిన కాయని మా అమ్మ చూసే పద్ధతది.

ఆ తర్వాత మాట్లాడింది నేను కాదు, నాలోని టీచరు. "ఒక్క నిమిషం. సరిగ్గా చూసి మళ్లీ చెప్పండి" అన్నాను. తప్పు జవాబు చెప్పిన పిల్లాడితో అనే గొంతుతోనే అన్నాను. ఇంకో గొంతు నా దగ్గర లేదు మరి. గుమాస్తా రాయడం ఆపేశాడు. పక్కన చాట పట్టుకున్న ఒక పెద్దమ్మ కిసుక్కున నవ్వి, "పంతులమ్మ లెక్కనే అడుగుతున్నది" అంది.

"ఏం చూడాలమ్మా?" అన్నాడాయన.

"తాలు ఎంతుందో. ఈ బస్తా మొత్తం కింద పోయించండి."

సేటు మొహం మాడిపోయింది. "మీ బాపు ఎన్నడు గిట్ల చెయ్యలేదు బిడ్డా" అన్నాడు. నిజమే, బాపు ఎన్నడూ చేయలేదు. కాళ్లు వణుకుతున్నాయి. చీర కుచ్చిళ్లు ఊగుతున్నట్టు నాకే కనబడుతోంది, అవి వాళ్లకూ కనబడుతున్నాయేమోనని అదొక టెన్షన్. పెద్దమ్మ మాత్రం "పొయ్యుండ్రి, నేనెత్తుత" అని టార్పాలిన్ పరిచింది. హమాలీ బస్తా వంచాడు. కాయ జలజలా రాలింది. ఎరుపు, అంతా ఎరుపే. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప తాలు లేదు. చుట్టూ పదిమంది చేరారు. ఆ ఒక్క నిమిషం నాకు గాల్లో తేలినట్టుంది.

ఇక్కడ ఆపేస్తే మంచి ప్రేరణాత్మక కథ అయ్యేది. ఖరీదుదారు అంత తేలిగ్గా వదలలేదు. బస్తాల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చివరి వరసలో ఒక బస్తా మీద చెయ్యి వేశాడు. "ఇది గూడ పొయ్యమనమ్మా."

పోశారు. పైన రెండు బెత్తెలు ఎర్ర కాయ. దాని కింద నుంచి తెల్లగా, పాలిపోయి, సగానికి సగం తాలు. ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. బోర్డు మీద లెక్క తప్పు చేసి పిల్లలు పట్టుకున్నప్పుడు మెడ వెనక ఒక వేడి పుడుతుంది చూడండి, అది.

అప్పుడు పెద్దమ్మ చాటతో ఎత్తుతూ నా కాలి దగ్గరకు జరిగి, తల ఎత్తకుండానే మెల్లగా అంది: "మూడు బస్తాలకు సుతిలి పచ్చగున్నది సూడు బిడ్డా."

చూశాను. పందొమ్మిది బస్తాలకు మామూలు సుతిలి. మూడింటికి ఆకుపచ్చ ప్లాస్టిక్ దారం. బాపు డ్రైవర్‌తో చెవిలో చెప్పింది ఏమిటో అప్పుడర్థమైంది. ఆయనే వచ్చి ఉంటే దగ్గరుండి ఆ మూడింటినీ ఎవరి చెయ్యీ పడని చోట పెట్టించేవాడు. నాకు సంగతి తెలియదు, డ్రైవర్ మర్చిపోయాడు.

ఏడుపు వచ్చేసింది, కానీ మిరప యార్డులో ఒక సుఖముంది. అందరి కళ్లలోనూ నీళ్లే, ఎవరూ అడగరు. ముక్కు తుడుచుకుని, "పచ్చ దారం మూడూ పక్కన పెట్టండి. వాటికి వేరే రేటు. మిగతా పందొమ్మిదికి రేటు చెప్పండి, కావాలంటే అన్నీ పోయిస్తాను" అన్నాను. నిజంగా అన్నీ పోయమంటే ఏమయ్యేదో నాకు తెలియదు, అప్పటికి ఎండెక్కింది, వెనక ఇంకో నలభై రాశులు చూడాల్సి ఉంది ఆయనకు. క్వింటాలుకు పద్దెనిమిది వందలు పెంచాడు. ఆ మూడింటికి మొదట చెప్పినదాని కంటే నాలుగు వేలు కోశాడు. బస్ స్టాప్‌లో తక్‌పట్టీ వెనక లెక్క వేసుకున్నాను. ఇటు పదమూడు వేల చిల్లర లాభం, అటు అయిదు వేలకు కొంచెం తక్కువ నష్టం. నికరంగా ఎనిమిది వేల ఎనిమిది వందల చిల్లర మిగిలింది. కరోనాలో స్కూళ్లు మూతపడి జీతాలు లేక, ప్రభుత్వం ఇచ్చిన రెండు వేలు, పాతిక కిలోల బియ్యంతో నెట్టుకొచ్చినదాన్ని. ఆ అంకె నాకు ఎంతో మీకు తెలియకపోవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మా స్కూల్లో ఏడాదికోసారి ఒక ట్రైనర్‌ని పిలుస్తారు. ఆయన బోర్డు మీద మూడు సున్నాలు గీస్తాడు, ఒకదానిలో ఒకటి. లోపలిది కంఫర్ట్, నడిమిది నేర్చుకోవడం, బయటిది భయం. కొంచెం ఒత్తిడి ఉంటేనే మనిషి బాగా నేర్చుకుంటాడని సైన్స్ చెప్పిందంటాడు. సైన్స్ టీచర్ని కదా, ఏ సైన్సో వెతికాను. ఇలాంటి మాటలకు మూలంగా చూపించేది యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు 1908లో చేసిన ప్రయోగం. మనుషుల మీద కాదు, చిట్టెలుకల మీద. తెల్ల పెట్టెలోకి పోవాలి, నల్ల పెట్టెలోకి పోతే కరెంటు షాకు. తేడా పట్టడం కష్టంగా ఉన్నప్పుడు మధ్యరకం షాకుతో త్వరగా నేర్చుకున్నాయి. సులువుగా ఉన్నప్పుడు షాకు పెరిగేకొద్దీ ఇంకా త్వరగా నేర్చుకున్నాయి. ఈ రెండో ముక్క ట్రైనర్ చెప్పడు. షాకు ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పడు. ఆ తర్వాత మమ్మల్ని కళ్లు మూసుకుని వెనక్కి పడమంటాడు, పక్కవాళ్లు పట్టుకోవాలి. పోయినసారి మా హిందీ మేడమ్ నడుము పట్టేసింది.

పొద్దున్నే ఐసు నీళ్లలో మునిగి రీల్ పెట్టేవాళ్లను చూసినా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇష్టమొచ్చినప్పుడు దిగి, ఇష్టమొచ్చినప్పుడు బయటికి వచ్చి తువ్వాలతో తుడుచుకునేదాన్ని జోన్ దాటడం అనరు, స్నానం అంటారు. కొక్కెం పట్టిన హమాలీకి, ఆ పెద్దమ్మకు కంఫర్ట్ జోన్ ఎక్కడుందో ఎవరైనా గీసి చూపించమనండి.

నా లెక్క వేరే. మనం భయం అనుకునేదాంట్లో సగం ఆ చోటి మాటలు తెలియకపోవడమే. దడ్వాయి ఎవరో, తాలు ఏదో, ఎవర్ని ఎప్పుడు ఆపాలో తెలిశాక అక్కడ నాకు భయం లేదు. బ్యాంకులో ఇప్పటికీ ఉంది, అక్కడి మాటలు నాకింకా రాలేదు. దీనికి రుజువేమిటని అడగొద్దు, నేనే రుజువు.

ఆ సాయంత్రం ఊరెళ్లి తక్‌పట్టీ బాపు చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మూడు బస్తాలు వేరే వరసలో రాసి ఉన్న చోట వేలు ఆగింది.

"ఇవి ఎవడు పొయ్యమన్నడు?"

"నేనే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ వైపు తిరిగి అన్నాడు: "మంచి కాయకు గూడ తాలు పేరు చెప్పి వాడు కోస్తడు. ఎట్లనన్న కోస్తడని నేను కలుపుత. నలభై ఏండ్ల సంది ఇట్లనే నడుస్తున్నది. నువ్వొక్క పూటల పోయి అంతా కింద పోసినవ్."

కోప్పడ్డాడో మెచ్చుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. అమ్మ మాత్రం ఆ రాత్రి నా కంచంలో రెండు గుడ్లు వేసింది.

మరుసటి ఏడు మడమ బాగైంది. "ఈసారి గూడ నేను పోతా బాపూ" అంటే, "నువ్వు స్కూల్‌కు పో బిడ్డా, పిల్లల పరీక్షలు దగ్గరికొచ్చినయి" అన్నాడు. ఆదివారం ఊరెళ్లినప్పుడు చూద్దును కదా, కల్లం పక్కన బస్తాలు కుట్టి వరసగా పేర్చి ఉన్నాయి. చుట్టూ తిరిగి ఒక్కొక్కటే చూశాను. అన్నిటికీ ఒకటే సుతిలి.