ఆర్వో నీళ్ల వల్ల బీ12 తగ్గుతుందా?

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 47. ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. శాకాహారిని. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. అరికాళ్లలో తిమ్మిర్లు, మోకాళ్ల నొప్పులు ఉంటే పరీక్షలు చేయించాను. బీ12 148, విటమిన్ డి 14 వచ్చాయి. నాలుగేళ్లుగా ఆర్వో నీళ్లే తాగుతున్నాం. సంపు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 450, మెషిన్ నుంచి వచ్చేవి 18. ఈ నీళ్లవల్లే ఒంట్లో సత్తువ పోయిందని, ఆల్కలైన్ మెషిన్ పెట్టించుకోమని ఇరుగుపొరుగు అంటున్నారు. వృథాగా పోయే నీళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెలో ఉండే మా అమ్మకూ ఒక ఆర్వో కొనాలనుకుంటున్నాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ బీ12 తగ్గడానికి నీళ్లను అనుమానించకండి. బీ12 మనకు నీళ్ల నుంచి రాదు. మాంసం, చేపలు, గుడ్ల నుంచి, కొంత పాలు, పెరుగు నుంచి వస్తుంది. మీరు శాకాహారి. పైగా ఆరేళ్లుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ చిన్నపేగు చివరి భాగంలో బీ12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. గ్యాస్ మాత్రలు కూడా ఏళ్ల తరబడి వేసుకుంటుంటే ఆ లోపం ఇంకా పెరుగుతుంది. రక్తంలో బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం కిందే లెక్క. అలాగని మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపేయొద్దు. బీ12 ఇంజెక్షన్లా, మాత్రలా అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు. ఇకపై ఏడాదికోసారి బీ12 చూపించుకోండి. అరికాళ్ల తిమ్మిర్లకు షుగర్ వల్ల నరాలు దెబ్బతినడమూ కారణం కావచ్చు, కాబట్టి పాదాల స్పర్శ పరీక్ష కూడా చేయించుకోవాలి. విటమిన్ డి 14 అంటే అదీ తక్కువే. దానికి ఇచ్చే 60,000 యూనిట్ల పొడి లేదా మాత్ర సాధారణంగా వారానికి ఒక్కటే. పొరపాటున రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరేవాళ్లు ఉన్నారు.

ఆర్వో మెషిన్ నీళ్లలోని లవణాలను వడకట్టేస్తుంది. వాటిలో ఒంటికి పనికొచ్చేవి కాల్షియం, మెగ్నీషియం. అదెంతో లెక్క వేద్దాం. నల్లా నీళ్లలో లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనుకుంటే, రోజుకు రెండున్నర లీటర్లు తాగితే అందేది 100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 1,000 కావాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలోనే దాదాపు 240 ఉంటుంది. అంటే ఆర్వో వల్ల పోయేది అరగ్లాసు పాలలో ఉన్నంత కూడా కాదు. 30 గ్రాముల రాగిపిండి తిన్నా అది తిరిగి వచ్చేస్తుంది. మెగ్నీషియానికి గుప్పెడు వేరుశనగలు, ఆకుకూరలు చాలు. సరిగా తినేవారికి ఆర్వో నీళ్లు హాని చేయవు. సరిగా తినని వారిని ఏ నీళ్లూ ఆదుకోవు.

ఆల్కలైన్ మెషిన్‌కు డబ్బు పోయొద్దు. నీళ్లు ఎంత క్షారంగా ఉన్నా కడుపులోని ఆమ్లం వాటిని మార్చేస్తుంది. రక్తం పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి. రాగి కార్ట్రిడ్జ్‌లు, జింక్ కార్ట్రిడ్జ్‌లు కూడా ఆ కోవలోవే.

అసలు మీ ఇంటికి ఆర్వో అవసరమా? 450 నుంచి 18కి తెచ్చిందంటే మెంబ్రేన్ (ఆర్వోలోని సన్నటి వడపోత పొర) 96 శాతం లవణాలను ఆపుతోంది, మెషిన్‌లో లోపమేమీ లేదు. కానీ తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. మీ నీళ్లు ఆ లోపే ఉన్నాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా 2019లో, 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దనే చెప్పింది. అయితే టీడీఎస్ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా ప్రవహిస్తుందనే. ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు ఉన్నాయో లేవో అది చెప్పదు. డ్రైనేజీ కలిసిన నీళ్లు కూడా దాని మీద 300 చూపించగలవు.

మీ 450 ఎక్కడిదో తేల్చుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. వేసవిలో బోరు నీళ్ల వాటా పెరుగుతుంది. అందుకే పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో చేయించాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో నీటి పరీక్షలు చేస్తారు. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే క్రిములు) పరీక్షలు అడగండి. క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే సీసాలోనే నీళ్లు పట్టాలి. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో పడితే ఆ రిపోర్టుకు విలువ ఉండదు. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల లోపు ఉండి, టీడీఎస్ 500 దాటకపోతే మీకు యూవీ (అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపేది), యూఎఫ్ (సన్నటి రంధ్రాల పొరతో వడకట్టేది) రెండూ ఉన్న ఫిల్టర్ చాలు. నీళ్లు వృథా కావు. వంటింట్లో మున్సిపల్ నీళ్లకు వేరే నల్లా ఉంటే, ఫిల్టర్‌ను దానికే కలపండి.

యూవీలో ఒక చిక్కుంది. ల్యాంపు నీలంగా వెలుగుతున్నంత మాత్రాన క్రిములను చంపుతోందని కాదు. సుమారు 8,000 గంటలు దాటాక వెలుగు ఉన్నా శక్తి తగ్గిపోతుంది. వెలుగుతూనే ఉంది కదా అని వదిలేయకుండా గడువుకు మార్చాలి. నీళ్లు మురికిగా ఉంటే ఆ కిరణాలు లోపలికి చొరవు, కాబట్టి ముందున్న, మట్టిని ఆపే సెడిమెంట్ ఫిల్టర్ ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి.

ఉన్న ఆర్వోనే వాడుకుంటామంటే అదీ తప్పు కాదు. నేను ఎక్కువగా భయపడేది 18 టీడీఎస్‌కు కాదు, మెషిన్ ట్యాంకుకు. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది. క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడుచేస్తుంది కాబట్టి తీయక తప్పదు. దాంతో లోపల నిల్వ ఉన్న నీళ్లకు రక్షణ ఉండదు, ట్యాంకు గోడలకు జిగురు పడుతుంది. మూడు నెలలకోసారి ట్యాంకు విప్పించి కడిగించండి. వారం పది రోజులు ఊరెళ్లి వస్తే, మెషిన్ నింపి, ట్యాంకు మొత్తం రెండుసార్లు ఖాళీ చేశాకే తాగండి. ఇంట్లో తరచూ విరేచనాలు అవుతుంటే హోటల్ తిండినే కాదు, ఈ ట్యాంకునూ అనుమానించాలి.

ఇక వృథా నీళ్లు. మామూలు మెషిన్ లీటరు మంచినీళ్లకు దాదాపు మూడు లీటర్లు బయటికి పంపుతుంది. నలుగురికి తాగడానికి, వంటకు 12 లీటర్లు అనుకుంటే 36 లీటర్లు. మీ లెక్కన ఆ నీళ్ల టీడీఎస్ 600 దగ్గర ఉంటుంది. అంట్లు మొదటిసారి కడగడానికి, ఇల్లు తుడవడానికి, బాత్రూములకు బాగా పనికొస్తాయి. కుండీలకైతే ఒకరోజు ఇవి, ఒకరోజు మామూలు నీళ్లు పోయండి. వేసవిలో బోరు నీళ్లు 1,100కి వెళ్లాయంటే వృథా నీళ్లు 1,400 దాటుతాయి, అప్పుడు మొక్కలకు వద్దు. కూలర్‌లో పోస్తే గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నీళ్లు మిగులుతాయని కొందరు ఆ పైపును నొక్కి కట్టేస్తారు. అప్పుడు లవణాలు బయటికి పోయే దారి లేక మెంబ్రేన్ మీదే పొర కడతాయి, కొన్ని నెలల్లోనే మెంబ్రేన్ పోతుంది.

అమ్మ విషయం పూర్తిగా వేరు. మర్రిగూడ ప్రాంతం బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తెలిసిందే. మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడమనండి, బోరు నీళ్లు కలపొద్దని చెప్పండి. బోరు మీదే ఆధారపడాల్సి వస్తే అక్కడ ఆర్వో నిజంగా అవసరం. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. యూవీ, యూఎఫ్ దాన్ని అసలు తాకవు.

ఆ మెషిన్ బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. టెక్నీషియన్లు ‘నీళ్లు రుచిగా ఉండాలి’ అంటూ టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ తిప్పుతారు. అది మెంబ్రేన్‌లోకి వెళ్లని పచ్చి నీళ్లను కొంత కలుపుతుంది. బోరు టీడీఎస్ 800, ఫ్లోరైడ్ 4 ఉన్నచోట, 60కి వచ్చిన నీళ్లను అలా 250 చేస్తే ఫ్లోరైడ్ మళ్లీ 1.3 దగ్గరకు చేరుతుంది. హద్దు 1. కాబట్టి అక్కడ ఆ స్క్రూ పూర్తిగా మూసే ఉంచమనండి. నీళ్లు చప్పగా ఉన్నాయంటే అలాగే తాగాలి.

మీరు చిన్నప్పుడు ఆ ఊళ్లోనే పెరిగి ఉంటే మీ డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. పళ్లపై గోధుమరంగు మచ్చలు, మెడ, నడుము బిగుసుకుపోయి వంగలేకపోవడం ఉంటే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) ఉందేమో చూసేందుకు ముంజేతులు, కటిభాగం ఎక్స్‌రే తీయిస్తారు. అప్పుడు మోకాళ్ల నొప్పికి చికిత్స వేరే దారిలో వెళ్తుంది.