తీసేసినా తిరిగొచ్చే యాడ్‌వేర్: టెక్ సందేహాలు

స్క్రీన్‌కి కుడివైపు అడుగున "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అంటూ ఓ పెట్టె మాటిమాటికీ వస్తోంది. బ్రౌజర్ మూసేసినా ఆగడం లేదు. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. ఎవరిని నమ్మాలి?

ఈసారి యాంటీవైరస్‌నే నమ్మండి. ఆ పెట్టె మళ్లీ వచ్చినప్పుడు మూసేయకుండా చిన్న అక్షరాలు చదవండి. అక్కడ క్రోమ్ అనో, ఎడ్జ్ అనో పేరు, దానితోపాటు ఏదో వెబ్‌సైట్ చిరునామా కనిపిస్తే మీ కంప్యూటర్‌లోకి ఏ ప్రోగ్రామూ దూరలేదు. అది మీరే ఎప్పుడో అనుమతించిన నోటిఫికేషన్. వీడియో చూడబోతేనో, ఫైల్ దించుకోబోతేనో "మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలో నొక్కండి" అని కొన్ని సైట్లు అడుగుతాయి. రోబో పరీక్షకూ ఆ బటన్‌కూ ఏ సంబంధమూ లేదు. నొక్కారంటే ఆ సైట్ ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ స్క్రీన్ మీదికి ప్రకటనలు పంపుకోవచ్చు.

క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకూ వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కింద ఉంటుంది. మీకు తెలియని ప్రతి పేరు పక్కనా మూడు చుక్కలు నొక్కి "బ్లాక్" ఎంచుకోండి. "రిమూవ్" వద్దు, అలా చేస్తే ఆ సైట్ మళ్లీ అడగగలదు. పైన నోటిఫికేషన్లు అసలే వద్దనే ఎంపిక ఉంది, ఇంట్లో వాడే కంప్యూటర్‌కి నా ఓటు దానికే. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో మెనూలు తరచూ మారుతుంటాయి కాబట్టి సెట్టింగ్స్ పేజీలోని వెతుకు పెట్టెలో నోటిఫికేషన్స్ అని టైప్ చేస్తే నేరుగా చేరుకుంటారు.

బ్రౌజర్ మూసినా రావడానికి కారణం అది పూర్తిగా మూతపడకపోవడమే. క్రోమ్ సెట్టింగ్స్‌లో "సిస్టమ్" విభాగం తెరిచి, మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నడపనిచ్చే స్విచ్ ఆపేయండి. ఎడ్జ్‌లో దానికి తోడు "స్టార్టప్ బూస్ట్" కూడా ఆపాలి.

పెట్టె మీద బ్రౌజర్ పేరు గానీ సైట్ పేరు గానీ లేకపోతే కథ వేరు. దానికి కింది జవాబు చదవండి.

ఏది వెతికినా పేరు వినని ఓ సెర్చ్ ఇంజిన్‌కి వెళ్తోంది. ఎక్స్‌టెన్షన్ తీసేశాను, క్రోమ్‌ని రీసెట్ చేశాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేయగానే మళ్లీ మొదటికే వస్తోంది.

తీసేసింది తిరిగొస్తోందంటే దాన్ని తిరిగి పెడుతున్నది ఇంకొకటి ఉంది. అందుకే ఇక్కడ వరుస ముఖ్యం. చాలామంది బ్రౌజర్ రీసెట్‌తో మొదలుపెడతారు, నిజానికి అది చివరి పని. కంప్యూటర్‌లో యాడ్‌వేర్, అంటే ప్రకటనలు చూపించడానికి చొరబడిన ప్రోగ్రామ్, అలాగే ఉంటే మీరు సరిచేసిన సెట్టింగులను మరుసటి స్టార్టప్‌లోనే మార్చేస్తుంది.

ముందు రోగం ఎక్కడుందో తేల్చండి. ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఇన్‌కాగ్నిటో కిటికీలో మామూలుగా పనిచేయవు. అక్కడ సెర్చ్ సరిగ్గా ఉంటే అనుమానం ఎక్స్‌టెన్షన్ మీదే. అక్కడా మళ్లిపోతే ఇంకో బ్రౌజర్‌లో వెతికి చూడండి. రెండింట్లోనూ అదే జరిగితే కంప్యూటర్‌లోనో నెట్‌వర్క్‌లోనో ఉంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. మొదట క్రోమ్ సింక్ ఆపండి. అదే ఖాతాతో వాడే ఇంకో కంప్యూటర్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ ఉంటే, మీరిక్కడ ఎంత తుడిచినా సింక్ దాన్ని మోసుకొస్తుంది. అన్ని కంప్యూటర్లూ శుభ్రం చేశాకే మళ్లీ ఆన్ చేయాలి.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ కింద "ఇన్‌స్టాల్డ్ యాప్స్" తెరవండి. విండోస్ 10లో దీని పేరు "యాప్స్ అండ్ ఫీచర్స్". జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం పేర్చి, గొడవ మొదలైన రోజున చేరినవన్నీ చూడండి. ఒకే రోజు మూడు నాలుగు తెలియని పేర్లు కనిపిస్తే అవి జట్టుగా వచ్చాయన్నమాట. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే పెట్టెల్లో బటన్ల మీది మాటలు చదివి నొక్కండి. "ఉంచు" అనే బటన్‌ని పెద్దగా రంగులో పెట్టి, "తీసేయి" అనేదాన్ని బూడిదరంగులో దాచడం వీటికి అలవాటు. అన్‌ఇన్‌స్టాల్ మొరాయిస్తే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాటి రీస్టార్ట్ చేశాక 4 నొక్కాలి.

ఆపైన మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ నడపండి. ఉచితం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆ కంపెనీ సొంత సైట్ నుంచి మాత్రమే దించుకోండి. స్కాన్ అయ్యాక జాబితా ఓసారి చదివి క్వారంటైన్ నొక్కి రీస్టార్ట్ చేయండి. కంప్యూటర్ తయారీదారు పెట్టి పంపిన ప్రోగ్రాములను అది విడిగా చూపిస్తుంది. అవి యాడ్‌వేర్ కావు, వద్దనుకుంటే తీయవచ్చు.

మీ కేసులో అసలు దొంగ దాక్కునే అవకాశం ఎక్కువున్న చోటు, అనుకున్న సమయానికి ప్రోగ్రాములను వాటంతట అవే నడిపే టాస్క్ షెడ్యూలర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైప్ చేసి తెరిచి, ఎడమవైపు లైబ్రరీ నొక్కండి. ఒక్కో టాస్క్ మీద నొక్కి "యాక్షన్స్" ట్యాబ్ చూడండి. బ్రౌజర్‌ని ఏదో వెబ్ చిరునామాతో తెరిచేవి, యాప్‌డేటా ఫోల్డర్లో అర్థం లేని అక్షరాల పేరున్న ఫైల్‌ని నడిపేవి, ఆదేశాలు నడిపే విండోస్ పనిముట్టు పవర్‌షెల్‌కి పొడవాటి గజిబిజి వాక్యం అందించేవి అనుమానించాలి. అయితే యాప్‌డేటా అన్నంత మాత్రాన తప్పు కాదు, వన్‌డ్రైవ్ లాంటివి కూడా అక్కడి నుంచే నడుస్తాయి. అందుకే వెంటనే డిలీట్ చేయకుండా "డిసేబుల్" చేయండి. రెండు మూడు రీస్టార్టుల తర్వాతా అంతా బాగుంటే అప్పుడు తీసేయండి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితానూ ఇదే కంటితో చూడండి.

ఇక క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందేమో చూడండి. ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్‌లో అది సహజం, అక్కడ దేన్నీ ముట్టుకోవద్దు. సొంత కంప్యూటర్‌లో కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. కంపెనీలు తమ ఉద్యోగుల బ్రౌజర్లకు నియమాలు పెట్టడానికి ఉన్న సదుపాయాన్నే యాడ్‌వేర్ వాడుకుంటుంది. అలా బలవంతంగా పెట్టిన ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటన్ పనిచేయదు. విండోస్ లోపలి సెట్టింగులను చూపించే రిజిస్ట్రీ ఎడిటర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకూ వెళ్లండి. లోపల "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్" అనే ఫోల్డర్, అందులో 32 అక్షరాల ఐడీ ఉంటే దొంగ దొరికినట్టే. క్రోమ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ముందు "ఎక్స్‌పోర్ట్"తో ఓ కాపీ దాచుకోండి, తర్వాత డిలీట్ చేయండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కిందా ఇదే దారిలో చూడాలి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇక్కడ నియమాలు రాస్తాయి కాబట్టి ఆ కాపీ తప్పనిసరి.

చివరిగా షార్ట్‌కట్. డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "టార్గెట్" గడి చూడండి. ప్రోగ్రామ్ ఫైల్ పేరు, కోట్ గుర్తు తర్వాత వెబ్ చిరునామా ఏదైనా అతికించి ఉంటే చెరిపేయండి. ప్రొఫైల్ పేరు ఉంటే ఫర్వాలేదు. టాస్క్‌బార్‌లోని ఐకాన్‌కి వేరే షార్ట్‌కట్ ఉంటుంది, దాన్ని అన్‌పిన్ చేసి మళ్లీ పిన్ చేయడం తేలిక. ఇన్నీ అయ్యాక ఇప్పుడు క్రోమ్ రీసెట్ చేయండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోవు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు చెరిగిపోతాయి.

క్రోమ్‌లోనే ఉన్న క్లీనప్ టూల్ వాడమని పాత వ్యాసాలు చెబుతుంటాయి. గూగుల్ దాన్ని 2023లో 111వ వెర్షన్‌తో ఎత్తేసింది, వెతకొద్దు.

యాడ్‌వేర్ తీసేశాక ఇంటర్నెట్టే పోయింది. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు.

ప్రాక్సీ సెట్టింగ్ చూడండి. బ్రౌజర్ నేరుగా కాకుండా ఏ మధ్యవర్తి ద్వారా ఇంటర్నెట్‌కి వెళ్లాలో చెప్పేది అదే. కొన్ని యాడ్‌వేర్లు మీ బ్రౌజర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కూర్చుని, వచ్చే పేజీల్లో ప్రకటనలు జొప్పిస్తాయి. అందుకోసం విండోస్ ప్రాక్సీ చిరునామాగా 127.0.0.1 అని, అంటే మీ కంప్యూటర్‌నే, రాసుకుంటాయి. క్లీనర్ ఆ ప్రోగ్రామ్‌ని తీసేసింది గానీ చిరునామా అలాగే మిగిలింది. బ్రౌజర్ ఇప్పుడు ఎవరూ లేని ఇంటి తలుపు కొడుతోంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ తెరిచి మాన్యువల్ ప్రాక్సీని, సెటప్ స్క్రిప్ట్‌ని రెండింటినీ ఆపేయండి. సాధారణంగా వెంటనే నెట్ వచ్చేస్తుంది. రాకపోతే యాడ్‌డబ్ల్యూక్లీనర్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీని, విండోస్ నెట్ సెట్టింగుల్లో భాగమైన విన్‌సాక్‌ని రీసెట్ చేసే ఎంపికలు ఆన్ చేసి మరోసారి నడపండి.

మధ్యలో కూర్చునే రకం ఇంకో చెడ్డ గుర్తు వదిలి వెళ్లగలదు. రహస్యంగా వచ్చే హెచ్‌టీటీపీఎస్ పేజీల్లోకి కూడా చొరబడాలంటే అది విండోస్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైట్ అసలుదో నమ్మించే పత్రం, పెట్టుకోవాలి. 2015 ఫిబ్రవరిలో బయటపడిన సూపర్‌ఫిష్ ఉదంతం ఇదే. లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందే పెట్టి అమ్మిన ఆ ప్రోగ్రామ్, అన్ని మెషీన్లలోనూ ఒకటే ప్రైవేట్ కీ, అంటే సర్టిఫికెట్లపై సంతకం చేసే రహస్య తాళం, వాడింది. ఆ కీ తెలిసినవాళ్లు ఎవరైనా నకిలీ బ్యాంక్ సైట్‌ని అసలుదిలా చూపించగలిగేవాళ్లు. ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా సర్టిఫికెట్ ఉండిపోయేది. మీ దగ్గర పరీక్షించడానికి సంబంధం లేని మూడు సైట్లు తెరిచి, అడ్రస్ బార్‌లో చిరునామాకి ముందున్న ఐకాన్ నొక్కి సర్టిఫికెట్ ఎవరు జారీ చేశారో చూడండి. మూడింటికీ ఒకే అపరిచిత పేరుంటే మధ్యలో ఎవరో ఉండవచ్చు. అది మీ యాంటీవైరస్ పేరైతే కంగారొద్దు, వెబ్ స్కానింగ్ కోసం కొన్ని అలా చేస్తాయి. సర్టిఫికెట్ల స్టోర్ తెరిచి తెలియనివన్నీ చెరిపేయడం మాత్రం చేయకండి, విండోస్‌కి అవసరమైనవి ఎన్నో అందులోనే ఉంటాయి.

మంచి యాంటీవైరస్ ఉన్నా ఇవన్నీ ఎలా దూరుతున్నాయి? రాకుండా ఏం చేయాలి?

మీరు ఒప్పుకున్నారు కాబట్టి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న గడిని చూడకుండా నెక్స్ట్ కొడితే, ఆ సరుకు పంపేవాళ్ల లెక్కలో అది మీ సమ్మతి. అందుకే భద్రతా కంపెనీలు వీటిని వైరస్ అనకుండా "అవాంఛిత యాప్‌లు" అనే వేరే గంపలో వేస్తాయి. చాలా యాంటీవైరస్‌లలో దానికి విడిగా ఓ స్విచ్ ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో అయితే "యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్", అందులో రెప్యుటేషన్ ఆధారిత రక్షణ సెట్టింగ్స్ తెరిచి, అవాంఛిత యాప్‌లను ఆపే స్విచ్‌నీ దాని కిందున్న రెండు గడులనీ ఆన్‌లో పెట్టండి. ఇన్నింటిలో ఒక్క పనే చేస్తానంటే ఇదే చేయమంటాను.

ఇన్‌స్టాలర్‌లో "ఎక్స్‌ప్రెస్" కాకుండా "కస్టమ్" ఎంచుకుంటే దాగిన టిక్‌లు బయటపడతాయి. దించుకునే చోటు అంతకంటే ముఖ్యం. ప్రోగ్రామ్ పేరు వెతికితే పైన వచ్చే ప్రకటన లింకు చాలాసార్లు అసలు సైట్ కాదు. పేరున్న చోట్లు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఉచిత ప్రోగ్రాములు దొరికే సోర్స్‌ఫోర్జ్ సైట్ ఒక దశలో ఇన్‌స్టాలర్లలో ప్రకటనల సరుకు కలిపింది, 2016లో యాజమాన్యం మారాక మానేసింది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికితే అక్కడి నుంచి, లేకపోతే తయారుచేసినవాళ్ల సైట్ నుంచి తీసుకోండి.

ఎక్స్‌టెన్షన్ల సంగతి ఇంకా చిక్కు. పెట్టుకున్నప్పుడు మంచిదే తర్వాత చెడిపోగలదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే, లక్షల మంది వాడిన గ్రేట్ సస్పెండర్‌ని దాని రచయిత 2020లో అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా గుర్తించి తొలగించింది. అప్‌డేట్‌లు వాటంతటవే వస్తాయి గనుక వాడేవాళ్లకి యజమాని మారిన సంగతే తెలియదు. వాడనివి తీసేయండి. ఒక్క సైట్‌లో పనిచేసే ఎక్స్‌టెన్షన్ అన్ని సైట్లూ చదవడానికి అనుమతి అడిగితే ఇవ్వకండి.

మా ఇంట్లో రెండు కంప్యూటర్లలో, ఫోన్లలో కూడా ఒకే రకం ప్రకటనలు వస్తున్నాయి.

ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే సైట్ తెరవండి. ప్రకటనలు మాయమైతే తప్పు ఎక్కువగా రౌటర్‌దే. దాని అడ్మిన్ పేజీలో డీఎన్‌ఎస్ చిరునామాలు, అంటే సైట్ పేరు చూసి ఎక్కడికి వెళ్లాలో చెప్పే సర్వర్ల చిరునామాలు, ఎవరో మార్చి ఉంటారు. వాటిని ఆటోమేటిక్‌కి మార్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టి, బయటి నుంచి రౌటర్‌ని మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపి, రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చకపోతే మిగతా మూడూ దండగ.

యాడ్‌వేర్ పోవాలంటే ఫార్మాట్ చేయించడమే మేలని అంటున్నారు. నిజమేనా?

ఒట్టి యాడ్‌వేర్‌కి అక్కర్లేదు. స్కాన్‌లో మంచి ప్రోగ్రామ్‌లా నటించే ట్రోజన్ అనో, పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకమనో పేరు కనిపిస్తే మాత్రం వెనకాడొద్దు. ముందు శుభ్రంగా ఉన్న ఇంకో పరికరం నుంచి ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి. తర్వాత ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటి డిస్క్‌కి కాపీ చేయండి. ఇన్‌స్టాలర్ ఫైళ్లు వద్దు, రోగం వచ్చింది వాటిలోంచే కావచ్చు. ఆ డిస్క్ ఊడదీశాక "రీసెట్ దిస్ పీసీ"లో అన్నీ తీసేసే ఎంపిక, దానితో "క్లౌడ్ డౌన్‌లోడ్" ఎంచుకోండి. కొత్త విండోస్‌లో క్రోమ్‌కి సైన్ ఇన్ అయ్యాక, సింక్‌లో ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు అనే రెండు అంశాలను ఆపి ఉంచండి. కావలసిన ఎక్స్‌టెన్షన్లు చేత్తో ఒక్కొక్కటిగా పెట్టుకోండి.