టుటన్‌ఖామున్ పేరు తలకిందులుగా ఎందుకు వస్తోంది? (సమాధానం)

ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పేరును బొమ్మల లిపిలో రాసిన కార్టూష్ (రాజు పేరు చుట్టూ గీసే కోలాకారపు చట్రం) చదివితే ‘ఇమ్న్‌న్-తుత్-అంఖ్’ అని వస్తోంది, బొమ్మ తప్పా అని అడిగారు. బొమ్మ సరైనదేనండీ.

ముందు దిక్కు చూసుకోండి. పిట్టలు, మనుషులు ఎటు ముఖం పెడితే వరుస అటునుంచే మొదలవుతుంది. ఈ పేరులో కౌజుపిట్ట పిల్ల ఒక్కటే మీకు ఆనవాలు. ఒకదానిపై ఒకటి ఉంటే పైది ముందు చదవాలి.

రెల్లు ఆకు ‘ఇ’, ఆటపలక ‘మ్న్’, కింద నీటి అల ‘న్’. ఈ ‘న్’ను మళ్ళీ పలకకూడదు. పలకలో ఉన్న ‘న్’నే గుర్తుచేయడానికి రాశారు. మీ అదనపు ‘న్’ అక్కడిదే. తర్వాత రొట్టె ‘త్’, కౌజుపిల్ల ‘వ్’ (ఇక్కడ ‘ఉ’లా పలుకుతాం), మళ్ళీ రొట్టె, చివర అంఖ్ (పైన ఉచ్చులాంటి గుండ్రం ఉన్న సిలువ గుర్తు).

ఇక అసలు చిక్కు: దేవుడి పేరు గౌరవంగా ముందు రాసేవారు, పలికేటప్పుడు దాని చోటికి పంపేవారు. అందుకే అమున్ మొదట కనిపిస్తాడు. చదవాల్సింది ‘తుత్-అంఖ్-ఇమ్న్’, అంటే అమున్ సజీవ ప్రతిరూపం. అచ్చులు లిపిలో లేవు కాబట్టి ‘టుటన్‌ఖామున్’ మనం పెట్టుకున్న ఉచ్చారణే.

కింద మిగిలిన కొంకికర్ర, స్తంభం, మొక్క పేరులోవి కావు, బిరుదు: దక్షిణ ఇయును (అంటే థీబ్స్) పాలకుడు.

రెండో కార్టూష్‌లోనూ ఇదే మెలిక. పైన సూర్యబింబం, మధ్యలో పేడపురుగు, మూడు గీతలు, అడుగున బుట్ట. కింది నుంచి చదివితేనే నెబ్-ఖెపెరు-రే. కార్టూష్ పైన బాతు, సూర్యుడు ఉంటే పుట్టినప్పటి పేరు. మొక్క, తేనెటీగ ఉంటే పట్టాభిషేకం పేరు.