సిమ్లా వెళ్తున్న చిన్నీకి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, జనవరిలో వారం రోజులు సిమ్లా వెళ్తున్నామే అక్కా, చిన్నీయే టికెట్లన్నీ తీసేసింది అని చెప్తుంటే ఆ గొంతులో సంబరం విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేం అక్కడ ఉన్నన్నాళ్ళూ రావే రావే అని బతిమాలుతూనే ఉన్నా, ఒక ఏడు మీ తాతయ్యకి బాలేదు, ఒక ఏడు నీ పరీక్షలు, ఇంకో ఏడు చేతిలో డబ్బుల్లేవు, అలా అలా మీ పెదనాన్న రిటైరైపోయి మేం కిందికి దిగొచ్చేశాం. ఇప్పుడు నీ జీతంతో నువ్వు తీసుకెళ్తున్నావ్. బంగారు తల్లివి. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తున్నా. పొడుగ్గా ఉందని సగంలో వదిలేయకు, కుంపటి గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదువు.

లంబసింగి చూశాంగా, చలి మాకు కొత్తేం కాదు అన్నావట. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు, సిమ్లా 2200. పైగా లంబసింగిలో తెల్లారుజామున పొగమంచు చూసేసి, పదింటికల్లా స్వెట్టర్ విప్పేసి కారెక్కి వచ్చేస్తాం. సిమ్లాలో ఆ చలిలోనే తినాలి, పడుకోవాలి, స్నానం చెయ్యాలి, ఎండ తగలని గది అయితే బయటికంటే లోపలే ఎక్కువ వణుకుతాం.

కొండ కింద ఉన్న కాల్కా నుంచి చిన్న రైలే ఎక్కండి. 96 కిలోమీటర్లకి అయిదు గంటల పైనే పడుతుంది, పట్టనీ. 1903 నుంచి నడుస్తోంది ఆ రైలు, 102 సొరంగాలు, మీ నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఒక్కోటీ లెక్కపెట్టకపోతే నన్నడుగు. ఆయన బీపీ మాత్రలు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో పెట్టు. థర్మల్స్, గ్రిప్ ఉన్న బూట్లు, చెవులు మూసే టోపీ, ఇవి నీకు చెప్పక్కర్లేదు. కొబ్బరినూనె గడ్డకట్టేస్తుంది, నువ్వులనూనె పెట్టుకోండి. మీ అమ్మ చీర తప్ప కట్టనంటుంది కదా, మంచులో నాలుగడుగులు వేస్తే కుచ్చిళ్ళ అంచు తడిసిపోయి, ఆ తడి గట్టిపడి పాదాలకి కొట్టుకుంటూ ఉంటుంది, ఇక రోజంతా కాళ్ళు వెచ్చబడవు. ఆ వారం రోజులు చుడీదార్ వేసుకోమను, నేను చెప్పానని చెప్పు.

ఇక వాతావరణం. వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారే, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బులు, అవి వస్తేనే మంచు పడుతుంది, రాకపోతే జనవరి అంతా ఎండగానే గడిచిపోయిన ఏడాదులు కూడా ఉన్నాయి. అందుకని మీ అమ్మకి మంచు పడటం చూపిస్తానని మాటివ్వకు. ముందు నీలంగా ఆకాశం, బంగారంలాంటి ఎండ, రిడ్జ్ అని ఊరి నడిమధ్య మైదానంలా ఉంటుంది, దాని మీద జనమంతా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. తర్వాత ఎండ పలచబడుతుంది, గాలి మొదలవుతుంది, మబ్బు కమ్ముతుంది. మబ్బు పట్టిన రాత్రి చలి కొంచెం తగ్గినట్టుంటుంది, అది చూసి మోసపోవద్దు, మర్నాడే మంచు పడొచ్చు. చప్పుడుండదు చిన్నీ, వానలాగా కాదు, తలుపు తీసేదాకా తెలీదు. పడిందంటే దేవదారు కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి, కరెంట్ పోతుంది, బస్సులు ఆగిపోతాయి, పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి. మబ్బు పట్టిన సాయంత్రమే బకెట్లు నింపుకోండి, ఫోన్లు, పవర్ బ్యాంక్ ఛార్జ్ పెట్టుకోండి.

అసలు భయం మంచు పడే రోజు కాదు, ఆగాక ఆకాశం తేటబడిన రోజు. పగలు ఎండకి కరిగిన నీరు రాత్రికి గడ్డకట్టి రోడ్డు గాజు పలకలా అయిపోతుంది. లక్కడ్ బజార్ వైపు ఎండ సరిగ్గా తగలదు, అక్కడ రోజుల తరబడి అలాగే ఉంటుంది. బూట్ల మీద నుంచి పాత ఉన్ని సాక్సులు తొడుక్కోండి, నవ్వొచ్చినా సరే, అక్కడివాళ్ళు చేసేదే. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవద్దు. మీ అమ్మ మోకాలు సంగతి తెలుసుగా, కింద బళ్ళు తిరిగే కార్ట్ రోడ్ నుంచి పైన షాపులుండే మాల్ రోడ్‌కి లిఫ్ట్ ఉంది, అందులోనే పైకి రండి. సామాను ఖాన్‌లకి ఇచ్చేయండి, కాశ్మీర్ నుంచి వచ్చి కూలి చేసుకునేవాళ్ళు, బీరువాలు వీపు మీద మోస్తూ ఆ మెట్లెక్కుతారు. వాళ్ళ దగ్గర బేరమాడకు.

ఇప్పుడు కుంపటి. అక్కడ అంగీఠీ అంటారు. ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నా.

మీ పెదనాన్న ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు కొత్తగా చేరారు, ఒకబ్బాయిది తెనాలి వైపు, ఇంకో అబ్బాయిది ఒడిశా. మా ఇంటికి కింది వరసలో ఒక్క గది తీసుకుని ఉండేవాళ్ళు. తెనాలి అబ్బాయి ఆదివారం వచ్చి కూర్చుని, ఆంటీ గోంగూర పచ్చడి వాసనొచ్చింది అని మొహమాటం లేకుండా కంచం అడిగేవాడు. ఒక జనవరిలో పెద్ద మంచు పడింది, కరెంట్ పోయింది, ఆ సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లోనే పప్పన్నం తిన్నారు. వెళ్తూ వెళ్తూ పక్కింటావిడ దగ్గర అంగీఠీ అడిగి తీసుకున్నారు. లోపల పెట్టుకోవద్దురా అన్నారు మీ పెదనాన్న. లేదండీ, బయటే అంటించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రగా అయ్యాకే లోపలికి తెచ్చుకుంటాం, పొగ లేకపోతే ఏం కాదు కదా అన్నాడు ఆ అబ్బాయి. కాదు బాబూ అని మళ్ళీ చెప్పారు, సరేనండీ అని తలూపి వెళ్ళారు. చలికి వాళ్ళు కిటికీ సందుల్లో న్యూస్ పేపర్లు కుక్కి, తలుపు కింద దుప్పటి అడ్డం పెట్టుకుని పడుకున్నారు.

పొద్దున పాలవాడు తలుపు కొట్టీ కొట్టీ మా ఇంటికొచ్చాడు. మీ పెదనాన్న, ఇంకో ఇద్దరూ కలిసి తలుపు తోస్తే వెనకాల ఏదో అడ్డం. ఒడిశా అబ్బాయి. రాత్రి తలనొప్పితో మెలకువొచ్చి బయటికి పోదామని లేచాడట, కాళ్ళు సహకరించక గుమ్మం దగ్గరే పడిపోయాడు, పడేటప్పుడు ఆ దుప్పటి పక్కకి జరిగింది, మొహం సందు దగ్గర ఉండబట్టి బతికాడు. తెనాలి అబ్బాయి రజాయి మెడ దాకా కప్పుకుని అలాగే ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా నిద్రపోతున్నవాడిలా. నేను వాడి భుజం పట్టుకుని కుదిపాను. అంగీఠీలో బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ మంచులో మా సందులోకి బండి రాదు, నలుగురు ఖాన్‌లు మంచం మీదే రోడ్డు దాకా మోసుకొచ్చారు. వాళ్ళమ్మ వచ్చేసరికి మూడో రోజయింది. ఆవిడకి హిందీ రాదు, అక్కడ తెలుగులో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. పొగ లేదు కదమ్మా, పొగ లేదు కదా అని అదే మాట అడిగింది నన్ను.

అదీ సంగతి. పొగ కాదు చంపేది. బొగ్గు ఎర్రగా కాలుతున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు, రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నిద్ర ముంచుకురావడం, అంతే. ప్రయాణం బడలికో, కొండెక్కినందుకో అనుకుని పడుకుంటారు. రాత్రి గదిలో ముగ్గురికీ ఒకేసారి తల నొప్పిగా ఉందంటే మాత్ర వెతక్కు, తలుపులు తీసి బయటికి నడువు, ఎంత చలైనా సరే. గ్యాస్ గీజర్ కూడా అదే పని చేస్తుంది, బాత్రూంలోనే బిగించి ఉంటే బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపు కిటికీ తీసి ఉంచాకే స్నానం. కట్టెల పొయ్యి పెట్టిన గది అయితే దాని గొట్టం బయటిదాకా వెళ్ళిందో లేదో నీ కళ్ళతో చూసుకో, పడుకునే ముందు ఆర్పేయించు. ఆన్‌లైన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత, ఇవాళే ఆర్డర్ పెట్టు. కరెంట్ పోతే ముగ్గురూ ఒకే మంచం మీద రజాయిలు కప్పుకుని పడుకోండి, రబ్బరు బ్యాగుల్లో వేడినీళ్ళు పోయించుకోండి. చలికి నిద్ర పట్టకపోతే పట్టకపోనీ, కబుర్లు చెప్పుకోండి.

నిన్ను భయపెట్టాలని కాదురా. జాఖూ కొండ ఎక్కండి, హనుమంతుడి 108 అడుగుల విగ్రహం చూడండి, కోతులు కళ్ళజోడు లాక్కుంటాయి, మీ నాన్నది తీసి జేబులో పెట్టించు. మంచు పడితే మీ అమ్మని చేత్తో ముట్టుకోనివ్వు, తినేస్తుంది కూడా, చిన్నప్పుడు ఐస్ పుల్లల కోసం నాతో ఎంత కొట్లాడేదో.

ఆ హోమ్‌స్టే ఓనర్ నంబర్ నాకు పంపు. గది ఎలా వెచ్చబెడతారు, గీజర్ ఎక్కడుంది, కిటికీ తెరుచుకుంటుందా, ఇవన్నీ నేనే హిందీలో అడుగుతా. మీ అమ్మకి నా ఉన్ని కోటు కొరియర్‌లో వేశాను, నడుం దగ్గర కుట్టు విప్పి వదులు చేశా, పాతది అని గొణిగినా సరే తొడిగించు.

పెద్దమ్మ