గేర్‌బాక్స్ వెనక ఎందుకు?

ప్రశ్న: సార్, నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. లాన్సియా ఆరేలియా బీ20 జీటీ అనే పాత ఇటలీ కారు బొమ్మ చూశాను. ఇంజన్ ముందుంది, క్లచ్, గేర్‌బాక్స్ మాత్రం వెనక ఇరుసు దగ్గర ఉన్నాయి. ఇది దండుగ పని కాదా?
- ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: జమ్మికుంట అంటున్నావు కాబట్టి పత్తి బండితోనే చెప్తా తమ్ముడూ. మా నాయన పత్తి బోరాలేసుకుని రాత్రికి రాత్రే వరంగల్ మార్కెట్‌కు బండి కట్టేవాడు. ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుంటుంది. వెనక ఎక్కువైతే కాడి లేచి మెడతాళ్లు బిగుస్తాయి. ఒకసారి చెరువుకట్ట ఎక్కుతుంటే బోరాలు వెనక్కి జారాయి. నాయన నన్నెత్తి నొగ మీద కూర్చోబెట్టాడు, తూకం రాయిలా!

ఆరేలియాలో గేర్‌బాక్స్‌దీ అదే పని. నేను ముందు కూర్చున్నాను, అది ముందున్న ఇంజన్ బరువుకు సరితూగేలా వెనక కూర్చుంది. 1950లో వచ్చిన ఆరేలియాకు ఇంజనీరు విత్తోరియో యానో ఆధ్వర్యంలో ఫ్రాంచెస్కో డి విర్జిలియో వీ6 ఇంజన్ తయారుచేశాడు. ఎక్కువ సంఖ్యలో తయారైన కార్లలో మొదటి వీ6 అదే. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటే ఇంజన్ బారెడవుతుంది. మూడు, మూడుగా 60 డిగ్రీల కోణంలో పెడితే పొట్టిదవుతుంది, ఆ కోణం వల్ల వణుకూ అదుపులోనే ఉంటుంది. వెనక బ్రేకు డ్రమ్ములు కూడా చక్రాల్లో ఉండవు, లోపల గేర్‌బాక్స్ పక్కనే ఉంటాయి. చక్రం బరువు తగ్గితే గుంతలో పడ్డా వెంటనే రోడ్డును పట్టుకుంటుంది.

మెకానిక్‌గా నాకైతే ఈ అమరిక మీద కోపమే. బ్రేకు లైనింగ్ మార్చాలన్నా కారు కిందికి దూరాలి. క్లచ్ వెనక ఉంది కదా, బండి ఆగి ఉన్నా ఇంజన్ తిరిగినంత వేగంగా, ఇంజన్ నుంచి వెనక్కి పోయే షాఫ్టూ తిరుగుతుంది. అది కాస్త వంకరపోయినా సీటు కింద ఒకటే వణుకు. అంబాసిడర్లో ఈ తలనొప్పి లేదు.

అయినా దండుగ మాత్రం కాదు. 1951 మిల్లె మిల్యా పందెంలో, మామూలు రోడ్ల మీద దాదాపు 1600 కిలోమీటర్లు ఉరికి, రెండు లీటర్ల బీ20 రెండో స్థానంలో వచ్చింది. దాని ముందున్నది 4.1 లీటర్ల ఫెరారీ ఒక్కటే. ఆ ఫెరారీ వాళ్లే 1964లో 275 జీటీబీకి గేర్‌బాక్స్ వెనక్కి జరిపారు.

నీకు ఇంకా అనుమానముంటే మీ ఊళ్లో లారీలు తూచే కాంటా మీద ఏదైనా కారు ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం చూడు, తర్వాత వెనకవి. కాంటా అతనికి ముందే టీ తాగించు, ఊరికే ఒప్పుకోడు.