బీటిల్ మీద కట్టిన పోర్షే స్పీడ్‌స్టర్ రెప్లికా కొని, బాగుచేసి అమ్మితే ఏమైనా మిగులుతుందా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో మీ పక్క ఊళ్లో ఒకాయన షెడ్డులో పోర్షే 356 స్పీడ్‌స్టర్ రెప్లికా, అంటే నకలు బండి, పడి ఉంది, చౌకగా ఇస్తానంటున్నాడు, రిపేరు చేసి అమ్మితే లాభమేనా అని. లాభం కోసమే అయితే వద్దండీ. పనంతా మీరే చేసుకుంటే పెట్టిన డబ్బు వెనక్కి రావచ్చు, మీ కష్టానికి కూలీ మాత్రం రాదు. ఒహాయోలో ఉండగా అలాంటిదే ఒకటి కొని, చలికాలమంతా దాని కిందే పడుకుని బాగుచేసి అమ్మాను. మళ్లీ దొరికితే మళ్లీ కొంటాను, అది వేరే సంగతి.

అసలు స్పీడ్‌స్టర్ 1954లో వచ్చింది. న్యూయార్క్‌లో పోర్షే కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ మూడు వేల డాలర్లలోపు బండి కావాలని పట్టుబడితే, 2,995 డాలర్లకు తెచ్చారు. ఇప్పుడు అసలుది లక్షల డాలర్ల మాట. అందుకే రెప్లికా కట్టేవాళ్లు పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్‌పాన్‌ను, అంటే బండి అడుగు చట్రాన్ని, మధ్యలో కోసి, పొట్టి చేసి, మళ్లీ వెల్డింగ్ పెట్టి, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ కూర్చోబెట్టారు. 356 పుట్టిందే బీటిల్ భాగాలతో కాబట్టి ఈ జోడీ అతకదు అనడానికి లేదు.

ఇంజిన్ స్టార్ట్ అవుతుందా అని అడిగే ముందు టైటిల్ కాగితం అడగండి, బండి ఎవరిదో చెప్పే పత్రం అది, మన ఆర్సీ లాంటిది. వెనక సీటు ఉండాల్సిన చోట, మధ్య టన్నెల్ (నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీద చాసిస్ నంబర్ కొట్టి ఉంటుంది. నా బండిలో దాని మీద కార్పెట్ జిగురు గట్టిపడిపోయి ఉంటే, వైర్ బ్రష్‌తో గీకి టార్చి వేసి చూశాను. 119తో మొదలైంది. ఆ కాలపు నంబర్లలో 11 అంటే బీటిల్ సెడాన్, మూడో అంకె 9 అంటే 1969 మోడల్. టైటిల్ మీద కూడా 1969 వోక్స్‌వ్యాగన్ అనే ఉంది, సరిపోయింది. టైటిల్ మీద ‘1957 పోర్షే’ అని ఉందనుకోండి, ఎంత చౌకైనా దండం పెట్టి వచ్చేయండి. అది రేపు మీరు అమ్మేటప్పుడు మెడకు చుట్టుకుంటుంది. కాలిఫోర్నియాలో మళ్లీ వేరే పద్ధతి, సొంతంగా కట్టిన బండ్లకు ఎమిషన్ (పొగ) నిబంధనల మినహాయింపు ఏడాదికి 500 బండ్లకే ఇస్తారు.

ఇంజిన్ విషయంలో అందరూ కార్బ్యురేటర్ చుట్టూ తిరుగుతారు. అసలు రోగం చాలాసార్లు రేకుల్లో ఉంటుంది. గాలితో చల్లబడే ఇంజిన్ ఇది. చుట్టూ ఉండే రేకులూ, అంచున రబ్బరు సీలూ కింది వేడిగాలిని పైకి రానివ్వకుండా ఆపుతాయి. ఫైబర్ బాడీకి ఆ సీలు సరిగ్గా కుదరదు కాబట్టి రెప్లికా కట్టినవాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు. అప్పుడు ఫ్యాన్ వేడిగాలినే మళ్లీ లాక్కుంటుంది. నా బండి హైవే ఎక్కగానే ఆయిల్ వేడెక్కేది. రేకులు వెతికి బిగించి, సందుల్లో రబ్బరు పెట్టాక దారికొచ్చింది. వాల్వ్ సందు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే 0.006 అంగుళం పెట్టుకోవాలి. పెట్రోల్ పైపులు చూడ్డానికి బాగున్నా సరే, మొత్తం మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత రబ్బరు పగుళ్లు పడుతుంది. పైగా ఇంజిన్ కేస్ మెగ్నీషియం మిశ్రమం, ఒకసారి అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు.

పెయింట్ జోలికి మాత్రం వెళ్లకండి. తలుపు కీళ్ల దగ్గర సాలెగూడులా సన్నటి పగుళ్లుంటాయి. నాకంటే ముందున్న ఓనరు వాటి మీద పుట్టీ రాసి రంగు కొట్టించాడు, అదే గీతలో మళ్లీ పగిలింది. పగులును లోపలి దాకా గ్రైండ్ చేసి, కొత్త ఫైబర్‌గ్లాస్ మ్యాట్, రెసిన్ వేస్తేనే నిలుస్తుంది. అలా పద్ధతిగా చేసే షాపులు చెప్పే రేటు వింటే బండి మీదే విరక్తి పుడుతుంది. నేను పాలిష్ చేసి, పగుళ్లను దగ్గరగా ఫోటో తీసి ప్రకటనలో పెట్టేశాను. వాటి గురించి ఎవరూ బేరమాడలేదు.

ప్రకటన మొదటి మాటే ‘రెప్లికా’ అని ఉండాలి. పోర్షే బ్యాడ్జీలు ఉంటే పీకేయండి, అది వాళ్ల ట్రేడ్‌మార్క్. చాసిస్ నంబర్ ఫోటో, బండి కింది భాగం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వీడియో పెట్టండి. ఏప్రిల్‌లో అమ్మండి, టాప్ లేని బండిని నవంబర్‌లో ఎవరూ అడగరు. వచ్చినవాళ్లను మొదట డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక పొడుగాటి మనిషి మోకాళ్లు స్టీరింగ్ కింద ఇరుక్కుపోయి, టెస్ట్ డ్రైవ్ దాకా వెళ్లకుండానే నవ్వుతూ దిగిపోయాడు. డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. మీది ఒహాయో అయితే టైటిల్ మీద ముందే సంతకం పెట్టేయకండి, అక్కడ నోటరీ ఎదురుగానే పెట్టాలి.

కామెంట్లలో ఎవరో హైదరాబాద్‌లో ఇలా చేయొచ్చా అన్నారు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చాసిస్ కోసి బాడీ మార్చిన బండికి అక్కడ ఆర్సీ దగ్గరే కథ ఆగిపోతుంది.