కట్టెలు కొట్టే పని మీద వాక్యం చెప్పాలంటే ఆదికాండం 22:3 తీసుకోండి

వందనాలు బ్రదర్. యూత్ మీటింగులో కట్టెలు కొట్టే పని మీద వాక్యం చెప్పమన్నారని, ప్రసంగి 10:10లోని గొడ్డలి పదును తప్ప ఇంకేమీ తట్టడం లేదని రాశారు. పదును మాట మంచిదే గానీ అది అందరూ విన్నదే. నేనైతే ఆదికాండం 22:3 తీసుకుంటాను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. క్రిస్మస్ ప్రేమవిందుకు చర్చి వెనక గాడిపొయ్యి తవ్వి వండుతారు. ఆ కట్టెలు మా నాయన, నేను కొట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పని నాది. ఎక్కువగా తుమ్మే. ఎండిన తుమ్మ మొద్దు కొట్టినవాళ్లకు తెలుసు, చేవ తగలగానే గొడ్డలి ఎదురు తంతుంది. కోసిన ముఖం మీద ఎండకు సన్నని నెర్రెలు పడి ఉంటాయి. నాయన ముందు వాటిని చేత్తో తడిమి, ముడి లేని వైపు చూసుకొని సరిగ్గా నెర్రె మీద వేసేవాడు. అయినా ఒక్క దెబ్బకు చీలదు. ఎత్తాలి, వేయాలి, ఇరుక్కున్న గొడ్డలిని ఊపి లాగాలి, మళ్లీ ఎత్తాలి.

ఇప్పుడు అబ్రాహామును చూడండి. తెల్లవారగానే లేచి, గాడిదకు గంత కట్టి, ఇద్దరు పనివాళ్లను, కొడుకును వెంటబెట్టుకొని, దహనబలికి కట్టెలు చీల్చాడని ఉంది. నూరేళ్లు దాటిన మనిషి. కొడుకునే బలి ఇవ్వమని దేవుడు అడిగాడు కాబట్టి ఆ కట్టెలు దేనికో ఆయనకు తెలుసు. గొడ్డలి ఎత్తిన ప్రతిసారీ ‘నా వల్ల కాదు ప్రభువా’ అని పక్కన పడేయవచ్చు. పడేయలేదు. ఆ చోటు కనపడింది మూడో రోజున. అంత దూరం ఇంటి నుంచే కట్టెలు తీసుకెళ్లాడంటే, అక్కడ కట్టెలు దొరకలేదని వెనక్కి తిరిగే సాకు కూడా ఉంచుకోలేదనిపిస్తుంది నాకు. మనం బలి ఇవ్వాల్సిన ఆ మోరీయా కొండ మీద కత్తి ఎత్తడం గురించే ఎక్కువ చెప్పుకుంటాం. నా మట్టుకు లోబడటమంతా ఇంటి దగ్గర, ఆ మొద్దు ముందే జరిగిపోయింది.

6వ వచనంలో ఆ కట్టెలనే కొడుకు ఇస్సాకు మీద పెట్టాడు. యోహాను 19:17లో యేసు తన సిలువ తానే మోసుకుంటూ వెళ్లాడు. ఇస్సాకుకు బదులు పొట్టేలు దొరికింది, సిలువ దగ్గర మాత్రం కుమారునికి బదులు ఎవరూ రాలేదు. ఇక్కడ తొందరపడకండి. పిల్లలను కాసేపు ఆలోచించనివ్వండి.

టైం ఉంటే లేవీయకాండం కూడా చెప్పండి. 9:24లో బలిపీఠం మీదికి అగ్ని యెహోవా సన్నిధి నుంచే వచ్చింది. అయినా ప్రతి ఉదయం కట్టెలు వేయాల్సింది యాజకుడే అని 6:12లో ఉంది. నెహెమ్యా కాలంలో దేవుని మందిరానికి ఏ కుటుంబం ఎప్పుడు కట్టెలు తేవాలో చీట్లు వేసి మరీ పంచుకున్నారు (10:34). మన సంఘాల్లో పాట పాడినవాళ్లకు, విరాళం ఇచ్చినవాళ్లకు మైకులో థాంక్స్ చెబుతాం. పొయ్యి దగ్గర పొగలో నిలబడ్డవాళ్ల ఊసే ఉండదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీ మీటింగులో ఆ మాట అనండి.

వీలైతే వాక్యానికి ముందు యూత్‌తో నిజంగానే కట్టెలు కొట్టించండి. పచ్చి చెట్టు జోలికి వెళ్లొద్దు, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి. గాలికి పడి ఎండిన కొమ్మలు చాలు. కామ వదులుగా ఉంటే ముందు రాత్రి గొడ్డలిని నీళ్లలో నానబెట్టండి, కర్ర ఉబ్బి బిగుస్తుంది. పొద్దున సీల కూడా చూసుకోండి. గొడ్డలి ఊడి పక్కవాడికి తగిలి చనిపోతే, కొట్టినవాడు పారిపోయి బతకడానికి ఆశ్రయపురాలు ఉండేవని ద్వితీయోపదేశకాండం 19:5 చెబుతుంది. గొడ్డలి చేతికిచ్చే ముందు ఆ వచనం ఒకసారి చదివించండి, పిల్లలు దూరం దూరంగా నిలబడతారు.